మోనో సరస్సు

కిందటి వేసవిలో మావారూ నేనూ కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర రెండు నెలలు గడిపి వచ్చాము. అక్కడ చూచిన వాటిలో ఒక్కదాన్ని గురించి సోదరీమణులకు చెప్పాలని వుంది.

సియెర్రా నెవాడా పర్వతాలకు తూర్పుగా ప్రయాణం. పడమటి నుంచి వచ్చే మబ్బులు ఆ కొండల మీదనే కురిసి వట్టిపోతాయి. అందుచేత ఈవలి నేల ఎడారి. 8,000 అడుగులకు పైబడిన కాన్వే సమ్మిట్ అనే కనుమ దాటి వాలులోకి దిగగానే అబ్బాయి కారు ఆపాడు. దిగి చూతుము గదా, కాళ్ళ కింద పెద్ద పళ్ళెం లాంటి లోయ, నడుమ నీలాల మోనో సరస్సు! అందులో రెండు దీవులు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. సరస్సు చుట్టూ ముగ్గుగీత వేసినట్టు తెల్లని అంచు.

“ఆ అంచు ఎంత బాగుందిరా!” అన్నాను.

“అదంతా ఒకప్పుడు నీళ్ళున్న చోటేనమ్మా” అన్నాడు వాడు.

ఈ సరస్సులోకి ఏళ్ళు వచ్చి చేరడమే గాని, బయటికి పోయే దారి లేదు. నీరు ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. సముద్రం కన్న రెండింతలకు పైగా ఉప్పన. చేపలు బతకవు. చిన్న రొయ్యలు, ఒక జాతి ఈగలు మాత్రం కోట్ల కొద్దీ వుంటాయి. వాటి కోసం పక్షులు లక్షలుగా వస్తాయి.

1941లో లాస్ ఏంజిలిస్ నగరం ఈ ఏళ్ళను మళ్ళించి, 300 మైళ్ళకు పైగా కాలువల వెంట తీసుకుపోసాగింది. 1982 నాటికి సరస్సు 45 అడుగులు దిగిపోయింది. ఉప్పు రెట్టింపయింది. 1979లో నల్లదీవి దాకా నేల తేలితే, నక్కల వంటి జంతువులు నడిచిపోయి పక్షుల గూళ్ళ మీద పడ్డాయి. సరస్సును పరిశీలించిన కొందరు విద్యార్థులూ, పక్షి ప్రేమికులూ పోరాటానికి పూనుకున్నారు. ఇటువంటి జలాలు ప్రజలందరి సొత్తనీ, వాటిని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదనీ 1983లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరస్సు మట్టం 6,392 అడుగులకు పెరగాలని 1994లో నిర్ణయించారు. ముప్పై యేళ్ళు దాటినా ఇంకా అంత ఎత్తుకు చేరలేదు.

సాయంత్రం ఒడ్డుకు దిగాము. సున్నపు స్తంభాలు గోపురాల్లా నిలబడి వున్నాయి. అందరూ వాటి పక్కన ఫోటోలు తీసుకుంటున్నారు. నీటి అడుగున ఊటల దగ్గర పెరిగిన రాళ్ళట అవి. నీరు తగ్గబట్టే మన కంటబడ్డాయి. నాకు ఫోటో తీసుకోబుద్ధి కాలేదు.

అయితే ఆ నగరాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. మేము మదరాసు వాళ్ళం. బిందెలతో లారీ నీళ్ళకు నిలబడినవాళ్ళం. మాకు కృష్ణ నీరు ఇచ్చే తెలుగు గంగ ఒప్పందం కూడా ఆ 1983లోనే కుదిరింది. 1996లో ఆ నీళ్ళు వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డామో! అవి ఏ ఒడ్డును వదిలి వచ్చాయో అప్పుడు అడగలేదు.

ఇంటికి వచ్చాక, గిన్నెలు కడిగేటప్పుడు ఆ తెల్లని అంచు కళ్ళ ముందు మెదులుతుంది. వెంటనే కొళాయి కట్టేస్తాను.