ముంజేతి మీద రావి ఆకు

పచ్చబొట్టంటే మాకు అమ్మమ్మల చేతులే గుర్తుకొస్తాయి. చుక్కలు, తేలుబొమ్మ, భర్త పేరు. చచ్చాక వెంట వచ్చే నగ అదొక్కటే అనేవారు. కంపెనీ పాలనలో ఇంకో రకం పచ్చబొట్టూ ఉండేది. ఖైదీల నుదుట నేరం పేరు పొడిచేవారు. 1849లో గానీ ఆ శిక్ష రద్దు కాలేదు. మన ఒంటి మీద ఏం రాయాలో ఎదుటివాడు నిర్ణయించిన చరిత్ర మనది. అందుకే మా విహారానికి వచ్చే ఒక అమ్మాయి తన జబ్బు గుర్తును తానే పొడిపించుకుంటానన్నప్పుడు మేం ఔననలేకపోయాం, కాదనలేకపోయాం.

ఆసిఫాబాద్ వైపు పిల్ల. పుట్టుకతోనే సికిల్ సెల్. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు ఎముకల్లో లేచే నొప్పి పైకి కనిపించదు. అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్తే "నాటకం" అన్న మాట మేం చెవులారా విన్నాం. సూదిమందుకు అలవాటు పడిందేమో అని కూడా అన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బు ఉంది. ధ్రువపత్రం రాసే బల్ల దగ్గర మాత్రం "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా" అంటారు. మేం చదివిన లా అక్కడ కూడా సగమే పనిచేసింది.

"నన్ను చూస్తెనే తెలవాలె, ఒగలకు చెప్పుకునుడు వద్దు" అంది ఆ పిల్ల.

మొదట ఉత్త కొడవలి బొమ్మ చాలనుకుంది. మా పెద్ద ఉపాసకుడొకాయన నవ్వి, "అడవి దారిలో బస్సు ఆపి సోదా చేసేవాళ్లకు అది రక్తకణమని ఎట్ల చెప్తవు బిడ్డా?" అన్నాడు. నవ్వులాటే గానీ ఆలోచించాల్సిన మాటే. చివరికి రావి ఆకు, దాని ఈనెల నడుమ ఒక గుండ్రటి కణం, ఒక వంగిన కణం అని తేలింది.

తల్లి బాధ వేరు. "దాస్తెనే సంబంధాలు వస్తలేవు, రాసుకుంటె ఎవడొస్తడు?" ఆమెను తప్పుపట్టం. కానీ ఆమెకూ భర్తకూ చెరొక లోపపు జన్యువు ఉన్నట్టు పెళ్లినాడు ఎవరికీ తెలియదు. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ పరీక్షలు చేసి కార్డులిస్తోంది. ఆ కార్డులు చాలా ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున ఉంటున్నాయి.

ధమ్మం ఒప్పుతుందా అని మాలో కొందరికి సందేహం. 22 ప్రతిజ్ఞల్లో పచ్చబొట్టు మాటే లేదు. నకులపితుడి సంగతి ఆమెకు చెప్పాం: ఒళ్లు జబ్బుపడ్డా మనసు పడకుండా చూసుకొమ్మని ఆ ముసలి గృహస్థుకు బుద్ధుడు చెప్పాడు. "నొప్పి లేసినప్పుడు మనసుకేం కాలేదంటె అబద్ధమే గద పెద్దమ్మా" అంది. మేం బదులు చెప్పలేదు. బాబాసాహెబ్ మధుమేహంతో, కాళ్ల నొప్పులతో ఒకరి ఆసరా మీద నిలబడే రోజుల్లో 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. ఎనిమిది వారాలు నిండకముందే వెళ్లిపోయారు. ఆయన ఫోటోల్లో ఆ నొప్పిని వెతకడం మాకు ఈ పిల్ల వల్లే అలవాటైంది.

డాక్టరు షరతులు పెట్టారు. ఒకే సూదితో అందరికీ పొడిచే జాతర దుకాణం వద్దు. చీలమండ దగ్గర పుండు పడితే మానదు కాబట్టి కాలి మీద వద్దు. సెలైన్ ఎక్కించే నరాల మీద వద్దు. చలికి నొప్పి లేస్తుంది కాబట్టి ఏసీ ఆపాలి, నీళ్లు తాగుతుండాలి. టాటూ కుర్రాడు పాపం చెమటలు కక్కుకుంటూ గంటన్నర కూర్చున్నాడు.

విహారం కుర్రాళ్లు అయిదుగురు తామూ అదే ఆకు పొడిపించుకుంటామని తయారయ్యారు. వాళ్లను మాత్రం గట్టిగా ఆపాం. పచ్చబొట్టు పడ్డవారి రక్తం ఏడాదిపాటు తీసుకోరు. ఆమెకు రక్తం అవసరమైనప్పుడల్లా పరుగెత్తేది వీళ్లే. ఒకడు అలిగి పది రోజులు విహారానికి రాలేదు. జనవరి చలిలో ఆమెను ఆస్పత్రిలో చేర్చినప్పుడు అందరికన్నా ముందు చొక్కా చేతులు మడిచింది వాడే.

ఆ రాత్రి నర్సు ముంజేయి చూసి ఇదేమిటని అడిగింది. ఆమె చెప్పింది. నర్సు విని, నొప్పి మందు తెచ్చింది. ధ్రువపత్రం ఇంకా రాలేదు. సోమవారం మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్తున్నాం.