మెడ దగ్గర ఒక చిన్న చప్పుడు

1973 జూన్ తేదీతో వచ్చిన అమేజింగ్ స్పైడర్-మ్యాన్ 121వ సంచికలో ఒక ప్యానెల్ ఉంది. వంతెన మీది నుంచి గ్వెన్ స్టేసీ పడిపోతోంది. స్పైడర్-మ్యాన్ వదిలిన సాలెదారం ఆమె కాళ్లకి చుట్టుకుంటుంది. పట్టేశాడు! సరిగ్గా అక్కడ, ఆమె మెడ పక్కన, చిన్న అక్షరాల్లో ఒక చప్పుడు: స్నాప్. ఎండుపుల్ల విరిగితే వచ్చేంత చప్పుడు. కామిక్స్‌లో గుద్దులకీ పేలుళ్లకీ సగం పేజీని తినేసే అక్షరాలు వాడతారు. ఇది మాత్రం వెతుక్కుంటేగానీ కనపడదు. స్పైడర్-మ్యాన్‌కి కూడా వినపడలేదు. తనని తాను మెచ్చుకుంటూ, సరదాగా మాట్లాడుతూ ఆమెను పైకి లాగుతుంటాడు. పైకొచ్చాక తెలుస్తుంది, ఆమె లేదని.

కథ రాసిన జెరీ కాన్వేకి అప్పటికి ఇరవయ్యేళ్లు. బొమ్మలు గిల్ కేన్‌వి, వాటికి సిరా దిద్దినవాళ్లలో జాన్ రొమిటా ఒకరు. కథ పేరు మొదటి పేజీలో లేదు, చివర్లో వేశారు. ముందే వేస్తే ఎవరు చచ్చిపోతారో తెలిసిపోతుంది కదా. గ్రీన్ గాబ్లిన్ అసలు మనిషి నార్మన్ ఆస్బోర్న్, పీటర్ పార్కర్ స్నేహితుడు హ్యారీకి తండ్రి. పీటరే స్పైడర్-మ్యాన్ అని అతనికి తెలుసు. కొడుకు మత్తుమందుల వల్ల మంచం పట్టాడు, వ్యాపారం చితికిపోతోంది, మరిచిపోయిన పాత పగ గుర్తొచ్చింది. పీటర్‌ని కొట్టడానికి పీటర్ దగ్గరికే వెళ్లక్కర్లేదని అతనికి అర్థమైంది. గ్వెన్‌ని ఎత్తుకుపోయాడు.

అప్పటిదాకా సూపర్‌హీరో కథల్లో ఒక ఒప్పందం ఉండేది. హీరోయిన్ పడిపోతుంది, హీరో అందుకుంటాడు. ఈ సంచికలో కూడా అందుకున్నాడు. అందుకే ఇది యాభయ్యేళ్లుగా జనాన్ని వదలట్లేదు.

మరి చంపిందెవరు? గాబ్లిన్ ఆ పేజీల్లోనే ఒక మాట అంటాడు: అంత ఎత్తు నుంచి పడితే దారం తగలకముందే ఎవరైనా చచ్చిపోతారని. పాఠకులు ఊరుకోలేదు. 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకులు జవాబిచ్చారు. దారం ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిన కుదుపుకే మెడ విరిగిందని. తర్వాత భౌతికశాస్త్రం ప్రొఫెసర్ జేమ్స్ కకాలియోస్ సూపర్‌హీరోల ఫిజిక్స్ మీద రాసిన పుస్తకంలో ఈ లెక్క కట్టారు. మూడు వందల అడుగులు, అంటే సుమారు 90 మీటర్లు పడితే వేగం గంటకి 150 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగాన్ని అర సెకనులో ఆపితే ఒంటి మీద పడే బలం బరువుకి దాదాపు పది రెట్లు. మెడ తట్టుకోదు. అలాగని వదిలేస్తే? ఆ వేగంతో తగిలితే నీళ్లు కూడా సిమెంటు లాంటివే.

ఇంజనీరింగ్‌లో ఉండగా, 2014లో రెండో అమేజింగ్ స్పైడర్-మ్యాన్ సినిమా చూసొచ్చి, దీని మూలం ఏంటా అని వెతికితే ఈ పేజీలు దొరికాయి. ఆ ప్యానెల్‌లో నాకు స్పైడర్-మ్యాన్ కనపడలేదు. మా బాబాయి చేతులు కనపడ్డాయి.

2009లో మా పిన్ని పోయింది. బాబాయి బండి వెనక కూర్చుని తణుకు నుంచి వస్తుంటే లారీ తగిలింది. లారీ ఆగలేదు. బాబాయికి మోచేతులు గీరుకుపోయాయంతే. పిన్నికి స్పృహ ఉంది, నీళ్లడిగింది. చీకటి పడుతోంది. అటుగా వెళ్తున్న ట్రాలీ ఆటోని ఆపి, ఆమెని రెండు చేతులా ఎత్తి అందులో పడుకోబెట్టాడు. దారిలోనే ప్రాణం పోయింది. ఆస్పత్రిలో ఎవరో, డాక్టరో కాంపౌండరో కూడా తెలీదు, "మెడకి దెబ్బ తగిలినవాళ్లని అలా ఎత్తకూడదండీ" అన్నారట.

పదకొండో రోజుకల్లా ఆ వాక్యం మా చుట్టాలందరి నోళ్లలో ఉంది. ఎవరూ చెడ్డగా అనలేదు. "పాపం, వాడికేం తెలుసు" అనే అన్నారు. ఆ "పాపం"లోనే మొత్తం తీర్పు ఉంది. లారీవాడి గురించి వారం రోజులు మాట్లాడారు, తర్వాత మానేశారు. మొహం లేనివాణ్ణి ఎంతకాలం తిడతారు? బాబాయి మాత్రం ఎదురుగా ఉన్నాడు.

గాబ్లిన్ పగ ఎక్కడ తీరిందో నాకు ఇప్పుడు తెలుస్తుంది. చంపడం దగ్గర కాదు. చంపడానికి ఆ గాలిబండి మీద తిరిగే రాక్షసుడు అక్కర్లేదు, లారీ చాలు. చంపి, ఆ చావుకి కారణం తనా, అందుకున్న చేతులా అన్న ప్రశ్నని బతికున్నవాడికి అప్పజెప్పి పోయాడు చూడండి, అదీ పగంటే. తర్వాతి సంచికలో గాబ్లిన్ తన బండి తనకే గుచ్చుకుని చచ్చిపోతాడు. అయినా ప్రశ్న చావలేదు. ఉత్తరాల పేజీ నుంచి ఫిజిక్స్ క్లాసు దాకా నడుస్తూనే ఉంది. లెక్క తప్పని అనను. మెడ ఎంత తట్టుకుంటుందో అది సరిగ్గానే చెబుతుంది. కళ్ల ముందు పడిపోతున్న మనిషి వైపు చెయ్యి చాచకుండా ఉండటం ఎలాగో దానికి తెలీదు.

ఇంకోటి కూడా ఉంది. ఈ గొడవంతా పీటర్ గురించే. గ్వెన్ ఏదీ? వంతెన మీద ఆమె స్పృహలో లేదు. ఒక్క మాట మాట్లాడదు. తను ఎందుకు చస్తోందో, పీటర్ ఎవరో ఆ కథలో ఆమెకి తెలీనే తెలీదు. తెర వెనక సంగతి కూడా ఇలాంటిదే. ముందు మే అత్తని చంపుదామనుకున్నారని, రొమిటా గ్వెన్ పేరు సూచించారని కాన్వే చెప్పారు. పీటర్‌తో ఆమె బంధం పెళ్లిదాకా వచ్చేసింది, పెళ్లయిన హీరో అంటే వయసు మీద పడ్డ హీరో. కథకి అడ్డమొచ్చింది, తీసేశారు. 1994లో గ్రీన్ లాంటర్న్ 54వ సంచికలో హీరో ఇంటికొచ్చేసరికి అతని ప్రియురాలిని విలన్ చంపి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటాడు. 1999లో గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు (తర్వాత పేరున్న కామిక్స్ రచయిత్రి అయ్యారు) ఇలా చంపబడ్డ, హింసించబడ్డ ఆడపాత్రల జాబితా ఒకటి తయారుచేశారు. దానికి ఆ ఫ్రిజ్ పేరే పెట్టారు. హీరోకి కోపం రావాలి కాబట్టి చచ్చిపోయినవాళ్ల జాబితా అది. చాలా పొడుగుంటుంది.

గ్వెన్ 1965లోనే కథలోకి వచ్చింది. జీవరసాయన శాస్త్రం చదువుకునే అమ్మాయి. తండ్రి పోలీస్ కెప్టెన్. 1970లో, స్పైడర్-మ్యాన్ పోరాటంలో ఇటుకలు కూలుతుంటే కింద ఉన్న పిల్లాణ్ణి కాపాడబోయి ఆయన పోయాడు. స్పైడర్-మ్యాన్ వల్లే నాన్న పోయాడని గ్వెన్ నమ్మింది. అంటే ఆ "ఎవరి వల్ల" అనే ప్రశ్నని ఆమె కూడా మోసింది. దాని గురించి ఎవరూ ఇంత చర్చ చేయలేదు.

మా ఇంట్లోనూ పిన్ని అంటే ఆ చివరి అరగంటే అయిపోయింది. అందుకని రాస్తున్నాను. పిన్ని వీధిలోని పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పేది. దూరవిద్యలో డిగ్రీ రెండో సంవత్సరం. క్రికెట్ చూస్తూ అంపైర్‌ని పేరు పెట్టి తిట్టేది. బెండకాయ పులుసులో బెల్లం ఎక్కువేసేది, ఎవరన్నా అంటే ఇంకాస్త వేసేది. బండి తనే నడుపుతానని ఆ నెలంతా బాబాయితో గొడవ పెట్టుకుంది.

పగలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి కథ మనకి పోతన భాగవతం మొదటి స్కంధంలోనే ఉంది. తండ్రిని చంపారన్న కోపంతో అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపేస్తాడు. అర్జునుడు అతన్ని కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. భీముడు చంపెయ్యమంటాడు. ద్రౌపది వదిలెయ్యమంటుంది. నేను ఏడుస్తున్నట్టు ఇతని తల్లి కూడా ఏడవకూడదు అని. ఆ క్షమ గొప్పదా కాదా అన్నది పక్కన పెడదాం. నన్ను ఆపేది వేరే సంగతి. అక్కడ వీరులందరూ ఉన్నారు, అయినా ముందు మాట్లాడాల్సింది కడుపుకోత పడ్డ మనిషే అని కథకి తెలుసు. ఆ మనిషి మాట తీర్పులాగా లేదు, ఏడుపుని ఇంకో ఇంటికి పంపకుండా ఆపడంలాగా ఉంది.

కామిక్స్ వాళ్లు కూడా ఆ రాత్రిని సరిచేసుకోవాలని చాలాసార్లు చూశారు. 2014లో వచ్చిన ఇంకో కథలో సాలీడు కుట్టింది గ్వెన్‌నే, పోయింది పీటర్. 2021 సినిమాలో, ఒకప్పుడు గ్వెన్‌ని దక్కించుకోలేకపోయిన ఆండ్రూ గార్ఫీల్డ్ పీటర్, వేరే లోకపు ఎమ్‌జేని దూకి పట్టుకుంటాడు. ఆమె నువ్వు బాగున్నావా అని అడిగితే కళ్లనీళ్లతో తలూపుతాడు. థియేటర్‌లో ఈలలు. నేనూ వేశాను. ఇంటికొచ్చాక అనుకున్నాను, ఇది సినిమావాళ్లకే దొరికే వరం అని. రెండోసారి పట్టుకోవడానికి మా బాబాయికి ఎవరూ దొరకరు.

అందుకే నాకు 122వ సంచిక చివరి పేజీ ఎక్కువ ఇష్టం. గాబ్లిన్ పోయాడు, పీటర్‌కి ఏమీ తగ్గలేదు. ఇంటికొస్తే అక్కడ మేరీ జేన్ ఉంటుంది. పార్టీలూ సరదాలూ తప్ప ఏదీ పట్టనట్టు ఉండే అమ్మాయి. పీటర్ ఆమెని నోటికొచ్చినట్టు అంటాడు, వెళ్లిపొమ్మంటాడు. ఏడుస్తూ ఆమె తలుపుదాకా వెళ్తుంది. తలుపు తీస్తుంది. ఆగుతుంది. లోపలే ఉండి తలుపు వేస్తుంది. క్లిక్. అంతకు ముందు సంచికలో మెడ దగ్గర ఉన్నంత చిన్న చప్పుడే. నువ్వేం తప్పు చేయలేదని ఆమె చెప్పదు. ఎవరి వల్ల అని అడగదు. గదిలో ఉంటుంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆయనతో ఆ సాయంత్రం గురించి ఎవరూ నేరుగా మాట్లాడలేదు. నేను కూడా ఎత్తలేదు. 150 కిలోమీటర్ల లెక్క చెప్పి ఓదార్చేంత తెలివి నాకు లేదు. పిన్ని అంపైర్‌ని తిట్టే తిట్లలో ఒకటి గుర్తుచేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అది కాదురా, ఇంకో పెద్దది ఉండేది" అని దాన్ని పూర్తిగా చెప్పాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు. రాత్రి భోజనానికి పిలిచేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.