పాలకుర్తి గుట్టమీదినుంచి

జనగామలో బస్సెక్కి, వరిమళ్ళూ తాటిచెట్లూ చూసుకుంటూ పోతే పాలకుర్తి వస్తుంది. ఊరికి గుర్తు సోమేశ్వరస్వామి గుట్ట. శివుడూ, లక్ష్మీనరసింహుడూ ఒకే గుట్టమీద కొలువున్నారు. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడిది ఈ ఊరే. పోతనగారి పేరుతో ముడిపడిన బమ్మెర కూడా దగ్గరే. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ఇంతకన్న యాత్రాస్థలం ఏముంటుంది?

అయితే, గుట్ట దిగి ఊళ్ళోకి వస్తే వినిపించేది కవుల పేరుకన్న చాకలి ఐలమ్మ పేరు. 1940ల్లో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఆమె పంట కాజేయబోతే, సంఘంవాళ్ళు కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఆ కథ చెప్పేటప్పుడు ఇక్కడి పిల్లలు సైతం “మా ఐలమ్మ” అంటారు. ఆమె 1985లో కన్నుమూసింది. ఆ తరువాత పుట్టినవాళ్ళకు కూడా ఆ గర్వంలో వాటా ఉంది.

మరి పాపంలో వాటా ఎవరిది?

“రజాకార్లు” అనగానే చాలామంది ఒక మతాన్నే తలుచుకుంటారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఘోరం తెలిసినవాళ్ళకు ఆ కోపం సహజం. కాని ఈ నేల చెప్పే సాక్ష్యం వేరు. దేవరుప్పుల దగ్గరి కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ సమాధి ఉంది. భూమికోసం దేశ్‌ముఖ్‌ని ఎదిరించి కోర్టులో పోరాడినందుకు 1940లో అతన్ని చంపించారు. చనిపోయినవాడు ముస్లిం, చంపించినవాడు హిందూ దొర. తరువాత దొరల్లో అనేకులు రజాకార్ల అండ చేరారు. ఆ రజాకార్లను పత్రికలో ఎదిరించి 1948 ఆగస్టులో హతుడైన షోయబుల్లాఖాన్ కూడా ముస్లిమే.

సెప్టెంబరులో పోలీసుచర్య జరిగింది. నైజాం రాజ్యం అయిదు రోజుల్లో లొంగిపోయింది. ఆ వెనుక ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఏ పాపమూ ఎరగని ముస్లింలపై ప్రతీకారం సాగింది. నెహ్రూ పంపిన పండిత సుందరలాల్ సంఘం మృతులు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా కట్టింది. పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల సంగతీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

దెబ్బ తిన్నవాడికి తన గాయమే కనిపిస్తుంది. తనవాళ్ళు కొట్టిన దెబ్బ కనిపించదు. ఇది ఒక్క మన బలహీనతే కాదు. యుద్ధానంతరం జర్మనీలో కూడా, తమ ఊళ్ళమీద పడ్డ బాంబులు గుర్తున్నంతగా, తమ పేరిట జరిగిన హత్యలు చాలామందికి చాలాకాలం గుర్తు రాలేదు.

తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. చేయని నేరానికి మనవలను బోనెక్కించమని కాదు. ముస్లిం పిల్లవాణ్ణి రజాకారు చేసిన పనికి తల వంచుకోమనడం అన్యాయం. కాని, మనం చూడని ఐలమ్మ సాహసాన్ని “మాది” అనుకునే హక్కు మనకుంటే, మనం చేయని ప్రతీకారాన్ని ఒప్పుకునే బాధ్యత కూడా ఉండాలి కదా! గర్వం పంచుకుని సిగ్గు పంచుకోకపోతే అదేం వారసత్వం?

పాలకుర్తి వెళ్ళేవారు గుట్ట ఎక్కండి, ఐలమ్మకు దండం పెట్టండి. వీలుంటే కామారెడ్డిగూడెం కూడా వెళ్ళి, బందగీ సమాధి దగ్గర ఒక నిమిషం ఆగండి. పిల్లల్ని వెంట తీసుకెళితే మరీ మంచిది.