బండెక్కిన బండి

మేడారం జాతరకు బయల్దేరే ఇంట్లో బెల్లం ముద్దకు జరిగే మర్యాద ఇంకే సామానుకూ జరగదు. అది బెల్లం కాదుగా, "బంగారం"! నిలువెత్తు బంగారం మొక్కుకున్న వాళ్లింట్లో అయితే మరీను. తక్కెడలో ఒక పక్క మనిషి, ఒక పక్క బెల్లం. తూకం అయ్యాక తడి తగలకుండా, కాలు తగలకుండా మూటకట్టి, దారిలో పదిసార్లు తడిమి చూసుకుంటాం. మరి అదే ట్రాలీలో, ఆ మూట పక్కనే, అంతకు రెట్టింపు బరువుండే మోటారు సైకిల్ని ఓ తాడుముక్కతో కట్టేసి "ఏం కాదులే" అనే ధైర్యం మనకెక్కణ్ణుంచి వస్తుందో మీరే చెప్పండి.

మోటారు సైకిలుకు ట్రాలీలో ఏం పని అంటారా? అక్కడికే వస్తున్నాను.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన సమ్మక్క సారలమ్మ జాతరకు మా పుట్టింటి వాళ్లంతా హనుమకొండ నుంచి బయల్దేరారు. మా అన్నయ్య కొడుక్కి ఓ బండి ఉంది. రాళ్లల్లో, మట్టిబాటల్లో తిరగడానికి చేసిన ఎత్తు బండి. ముందు మడ్‌గార్డు కొంగముక్కులా పొడుచుకొచ్చి, దానికీ చక్రానికీ నడుమ పిల్లి దూరేంత జాగా ఉంటుంది. బరువు 150 కిలోల పైమాటే. వాడు దాని మీదే మేడారం వస్తానన్నాడు. బస్సులూ లారీలూ బారులు తీరే ఆ దారిలో, రాత్రిపూట ఒంటరిగా వద్దని వదిన పట్టు. చివరికి అన్నయ్య తీర్పు చెప్పాడు: "వంట సామాను తీసుకెళ్లే పికప్‌లో బండిని కూడా ఎక్కిద్దాం. గుడారం దగ్గరికి నీళ్లు తేవడానికి పనికొస్తుంది."

తీర్పు బాగానే ఉంది. చిక్కల్లా ఆ తర్వాతి మాటతోనే వచ్చింది. "పిల్లలూ ఆడవాళ్లూ కూడా వెనకే కూర్చుంటే సరి. బండిని కాస్త పట్టుకున్నట్టూ ఉంటుంది."

నేను ససేమిరా అన్నాను. సరుకుల బండిలో వెనక మనుషుల్ని కూర్చోబెట్టడమే చట్టరీత్యా తప్పు. పక్కన మోటారు సైకిలు కూడానా? అమ్మకు కోపం వచ్చింది. "మేం ఎడ్లబండ్ల మీద పోలేదా? మాకేమైంది?" అంది. "ఎడ్లకు సడన్ బ్రేకు లేదమ్మా" అన్నాను. బస్సు ఆగినప్పుడు మనం ముందుకు తూలుతాం చూడండి, ట్రాలీలో నిలబెట్టిన మోటారు సైకిలూ అంతే. మనం తూలితే కమ్మీ పట్టుకుంటాం. అది దేన్ని పట్టుకుంటుంది?

ఆ ముందటి డిసెంబరు నుంచే ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చిందాయె. ఆడవాళ్లూ పిల్లలూ మేడారం బస్సెక్కారు. డ్రైవరు పక్కన ఇద్దరికే చోటు గనక పికప్‌లో నేనూ, మా మేనల్లుడూ మిగిలాం.

ఆ డ్రైవరు నడివయసు మనిషి. నాకో కొత్త విద్య చూపించాడు. ముందు పికప్‌ను వెనక్కి తీసుకెళ్లి వీధి చివరి గట్టుకు ఆనించాడు. ట్రాలీ ఎత్తు సగానికి సగం తగ్గిపోయింది. వెడల్పాటి పలక వేశాడు. మావాడు ఇంజను స్టార్టు చేసి ఎక్కిస్తానంటే, "వద్దు బాబూ, చేతులతోనే నూకుదాం" అన్నాడు. ఒకరు హ్యాండిలు పట్టుకుని పక్కన నడుస్తుంటే ఇద్దరు వెనక నుంచి తోశారు. ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు గోడకు ఆనించి, మధ్యలో పాత టైరు ముక్క పెట్టారు. బండిని గేరులో ఉంచి, స్టాండు పైకి తీసేశారు. స్టాండు మీద ఓ పక్కకు ఒరిగిన బండిని ఎంత బిగించినా గతుకుల్లో అది వదులవుతుందట.

ఆ తర్వాత బెల్టులు. నైలాను తాడైతే సాగుతుంది, ముడి జారుతుంది. బెల్టునైతే చిన్న మీటతో టిక్కుటిక్కుమని బిగించవచ్చు. ముందు రెండు, వెనక రెండు, నాలుగూ నాలుగు మూలలకు, గుడారం తాళ్లలాగా. ముందువి హ్యాండిలు చివర్లకు కాదు, కింద గట్టిగా ఉండే ఫోర్కుల దగ్గర. మావాడు ఒకపక్కే బలమంతా పెట్టి లాగుతుంటే డ్రైవరు ఆపాడు.

"రెండు దిక్కులా సమానంగ గుంజాలె. బండిని నిలవెట్టుడు గాదు, కూసవెట్టాలె. అట్లని మొత్తం అణగదొక్కొద్దు. సీళ్లు పాడైతయి."

ముందు స్ప్రింగులు సగందాకా దిగాయి. కొంగముక్కు బండి ఒద్దికగా కూర్చుంది. అసలు కదలకపోతే స్ప్రింగు పాడు, మరీ కదిలితే బెల్టు కొక్కెం ఊడుతుంది. సంసారంలాగే అన్నమాట!

ఆత్మకూరు దాకా రాకముందే డ్రైవరు ఆపి చూశాడు. ఎడమపక్క బెల్టు వేలు దూరేంత వదులైంది. బండి కొంచెం సర్దుకుంటే చాలు, బెల్టు అంత వదులవుతుందట. రెండు టిక్కులు బిగించాడు. ములుగులో మేడారం పోయేవాళ్లంతా ఆగే గట్టమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టి మళ్లీ చూశాడు. అప్పుడు గట్టిగానే ఉంది.

అక్కడే ఇంకో ట్రాలీ వచ్చి ఆగింది. అందులో పదిమంది మనుషులు, మేక, మధ్యలో మోటారు సైకిలు. దానికి ఒక్కటే తాడు. బండి పక్కన కూర్చున్న ఆవిడ ఒక చేత్తో చంటిబిడ్డను, రెండో చేత్తో ఆ బండి హ్యాండిలును పట్టుకుని ఉంది. ఎంత దూరం నుంచి అలా పట్టుకుందో ఏమో, మణికట్టు ఎర్రగా కందిపోయింది. బండి ఒరిగితే ముందు ఏ చెయ్యి వదలాలో ఆవిడే తేల్చుకోవాలి. "చెయ్యి నొప్పి పుట్టడం లేదా?" అని అడిగాను. "పట్టుకోమన్నరు" అని నవ్వింది.

నాలుగు తాళ్లు కట్టాల్సిన చోట ఒకటి కట్టి, మిగతా మూడింటి పనీ ఆవిడ చేతికి అప్పజెప్పారు. మన డ్రైవరు వెళ్లి తన దగ్గరున్న మిగులు తాళ్లతో ఆ బండిని కట్టి వచ్చాడు. ఆవిడ రెండో చెయ్యి కూడా బిడ్డ చుట్టూ వేసుకుంది. వాళ్లను దిగి బస్సెక్కమని చెప్పి చూశాను. "ఇంకెంత దూరంలే" అన్నారు. ట్రాలీ వెళ్లిపోయింది.

కదిలే ఫ్రిజ్జునీ, ఒరిగే బీరువానీ, పొంగే పాలనూ, ఇంట్లో వదులుగా ఉన్న ప్రతిదాన్నీ "కాస్త పట్టుకో" అని మన చేతికే ఇస్తారు. పాలంటే పట్టుకుంటాం. కానీ 150 కిలోల ఇనుమును పట్టుకునే చెయ్యి ఏ ఆడదానికీ లేదు. ఆ మాటకొస్తే ఏ మగవాడికీ లేదు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ట్రాలీలో బండిని ఎక్కించి మిమ్మల్ని పక్కన కూర్చోమంటే, మొహమాటపడకండి. "నాలుగు బెల్టులు తెండి, నేను బస్సులో వస్తాను" అనండి.