నురగ పురాణం

“నురగదేముందండీ, ఉత్త గాలి” అని తీసిపారేసేవాళ్ళతో నాకు పేచీ. నురగ లేని ఫిల్టర్ కాఫీ వాళ్ళకిచ్చి చూడండి, మొహం చిట్లిస్తారు. గ్లాసులోంచి డబరాలోకి అంతెత్తు నుంచి తిరగబోసేది దేనికి మరి? చేతికి వ్యాయామమనా?

నురగ వైభోగం చూడాలంటే బస్తర్ వెళ్ళాలి. అక్కడ సల్ఫీ అని ఒకటుంది. కంగారు పడకండి, మనకు తెలియని చెట్టేం కాదు. మన మన్యంలో జీలుగు అంటామే, అదే. గెల కోసి కుండ కడతారు. పొద్దున్నే దించితే తియ్యగా, సాధువుగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ కుండలో ఈస్టు పనిలో దిగుతుంది. చక్కెర తింటుంది, మత్తునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. ఆ వాయువు పైకి తన్నుకొచ్చి కుండ మూతిలో బుసబుసా పొంగుతుంది. సొరబుర్రలోంచి దొన్నెలోకి వంచుకుంటే ముందు పెదవికి తగిలేది నురగే, కల్లు తర్వాత. మీసాలున్నవాళ్ళకి ఇంకో సుఖం కూడా ఉంది, అది వాళ్ళనే అడగండి. పట్నంవాళ్ళు దీన్ని ‘బస్తర్ బీరు’ అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. బీరునే సీసాలో పోసిన సల్ఫీ అంటే ఏం పోయింది?

కుంకుడు నురగ సంగతి వేరు. అందులో పులియడాలూ గిలియడాలూ లేవు. కాయలోని సపోనిన్లు నీటి తలతన్యతను తగ్గిస్తాయి, మీరు గిలక్కొట్టగానే గాలి బుడగలై నిలబడుతుంది. పైగా సున్నపు నీళ్ళున్న బోరు దగ్గర సబ్బు ఎంత రుద్దినా తెట్టు కడుతుందే గాని నురగ రాదు. కుంకుడు అక్కడా మొహమాటపడదు. కళ్ళలో పడితే మాత్రం నన్ను తిట్టకండి.

అన్నట్టు, మన భాషకి ఎంత పక్షపాతమో చూశారా? పాలనురగలాంటి పంచె అంటే మెచ్చుకోలు. నోట నురగలు కక్కాడంటే పరిగెత్తి డాక్టరుని పిలవాలి!

ఏమిటి, బస్తర్లోనే ఉన్నాం కదూ. జగదల్‌పూర్‌కి పడమరగా 38 కిలోమీటర్లు పోతే చిత్రకోట్. ఇంద్రావతి సుమారు 30 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. వానాకాలంలో ఎర్రమట్టి కలిసి అంతా టీ రంగు, నురగతో సహా. తెల్లదే కావాలంటారా, కాంగేర్ లోయకి పోండి. తీర్థగఢ్ జలపాతం మెట్లు మెట్లుగా నురగలు చిమ్ముతూ దిగుతుంది. సబ్బెవరు కలిపారంటారా? కుళ్ళిన ఆకుల సారం నీళ్ళలో కలిసి బుడగని కాసేపు పగలనివ్వదు, అంతే.

ఆ ఇంద్రావతి చివరికి భద్రకాళి దగ్గర మన గోదావరిలోనే కలుస్తుంది. అంటే ఆ నురగలో మనకూ వాటా ఉన్నట్టే. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల అన్నమదేవుడు అటే వెళ్ళి బస్తర్ రాజ్యం స్థాపించాడని చెబుతారు. అంత దూరం నడిచినవాడికి ఎవరో ఒకరు దొన్నెడు సల్ఫీ పోసే ఉంటారు కదా! ఈ చరిత్రకారులు అవి రాయరు. ఎంతసేపూ యుద్ధాలే.