మూడు తెరలు, మూడు ఊళ్లు

హిందూపురంలో రైలెక్కితే పేపరు చదవడం ముగిసేసరికి ధర్మవరం వస్తుంది. అలాంటి ప్రయాణానికి మొన్న మాకు పొద్దుటినుంచి దీపాలు పెట్టే వేళదాకా పట్టింది. దీనికంతటికీ కారణం మా మేనల్లుడు. వాడికి మూడు తెరల కంప్యూటరు కావలసివచ్చింది.

ఒక తెర చాలదా అంటే, "కారు నడిపే ఆట మామా. ఎదురుగా ఒక తెర ఉంటే రోడ్డు మాత్రమే కనబడుతుంది. చెరో పక్కా ఒకటి పెడితే కిటికీల్లోంచి చూసినట్టే" అన్నాడు. వాడి దగ్గర ఉన్నది 35 వేలు. పట్టుచీరలకు కంప్యూటరు మీద బుటాలూ అంచులూ గీసి రెండేళ్లుగా కూడబెట్టినది. వాడి తండ్రి, మా బావ, మగ్గం నేసే మనిషి. ఆ డబ్బు వస్తే జరీ బాకీ కొంత తీరుతుందని ఆయనకుంది. పైకి మాత్రం అనలేదు. అక్క ఫోను చేసి "వాడి వెంట నువ్వుండరా, మోసపోతాడు" అంది. అలా బయలుదేరాను.

హిందూపురం బజారులో చింతపండు వాసన, బెల్లం వాసన కలిసి వస్తాయి. ఆ వాసనల మధ్యనే ఒక సందులో మరమ్మతు దుకాణం ఉంది. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన పెట్టె 14 వేలకు కుదిరింది. బొమ్మలు గీసే కార్డు, ఆర్.ఎక్స్. 580 అట, పాతదే, 7 వేలు. అరగంట ఆట ఆడించి, వేడెక్కినా ఆగిపోదని చూసుకున్నాకే డబ్బిచ్చాడు. కరెంటు అందించే పవర్ సప్లైకి మాత్రం కొత్తది కావాలని పట్టుబట్టి 3 వేలు పెట్టాడు. అది చెడితే ఒంటరిగా పోదట, పక్కవాటినీ తీసుకుపోతుందట. కుర్రవాడు నేననుకున్నంత అమాయకుడు కాడు.

తెరలు పెనుకొండలో ఉన్నాయి. దగ్గరి ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారం వచ్చాక ఆ రోడ్డు ముఖమే మారింది. ఖాళీ చేస్తున్న ఒక చిన్న ఆఫీసులో పాత తెరలు తెగనమ్ముతున్నారని వాడికి కబురందింది. అక్కడ ఒక్కొక్కదాన్నీ వెలిగించి, తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి చేసి, మచ్చలు వెతికాడు. మూడూ ఒకే రకం కావాలి. లేకపోతే ఎత్తూ రంగూ కలవవు. రెండు వెంటనే దొరికాయి. మూడోదాని కోసం గుట్టంతా తిరగేయవలసి వచ్చింది. మూడూ కలిపి 9 వేలు.

ఆటోలో వాటిని ఒళ్లో పెట్టుకుని స్టేషనుకు పోతూ కొండవైపు చూశాను. 1565లో రక్కసి తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు విజయనగరం వదలి ఈ పెనుకొండకే వచ్చాడు. 550 ఏనుగుల మీద ధనం తరలించాడని సీవెల్ రాశాడు. ఆయన ఏనుగులు ఎలా వచ్చాయో గాని, మా మూడు తెరలకు రైలులో చోటు సంపాదించేసరికి నా ప్రాణం మీదికొచ్చింది. గగన్ మహల్ ఈసారీ చూడనే లేదు.

ధర్మవరంలో ఇంటికి చేరాక తెలిసింది, ఆఫీసువాళ్లిచ్చిన తీగలు పాతకాలపువని. కార్డుకు అవి పట్టవు. మళ్లీ బజారుకు పరుగు, 1,500 ఖర్చు. దారిఖర్చులు పోగా జేబులో మిగిలింది నూట ఎనభై.

మగ్గం పక్కనే బల్ల. పైన జకార్డు, దానినుంచి చిల్లుల అట్టలు దండలా వేలాడుతున్నాయి. ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన 1804 ప్రాంతంలో తెచ్చిన పద్ధతి. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. తన గణిత యంత్రానికి బాబేజి అరువు తెచ్చుకున్నది ఆ అట్టలనే. అంటే ఈ ఇంట్లో కంప్యూటరు కొత్త చుట్టమేమీ కాదు.

మూడు తెరలూ వెలిగాయి. ఆట మొదలైంది. కారు నత్తలా కదిలింది! ఒక తెరకు 21 లక్షల చుక్కలు. మూడింటికి 62 లక్షలు. పాత కార్డు అన్నీ గీయలేక రొప్పుతోంది. వాడి ముఖం వాడిపోయింది. చెట్ల నీడలు తగ్గించి, దూరపు కొండలను కాస్త మసక చేసి చూస్తే అప్పుడు రోడ్డు సాఫీగా పరుగెత్తింది.

బావ అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఎడమ అంచు, ఒళ్లు, కుడి అంచు. మూడు నాడెల చీర మాదిరే ఉందే. అంచు మాత్రం ఒంటికి కలవలేదురా."

నిజమే. ఎడమ తెరలో రోడ్డు గీత నూలుపోగంత కిందికి దిగి ఉంది. మా ఇద్దరికీ అది కనబడనే లేదు. ఆయన మూలనున్న పాత జకార్డు అట్ట ఒకటి తీసి, రెండుగా మడిచి, తెర కాలికింద పెట్టాడు. గీత కలిసింది.

"ఇప్పుడు పోనీయ్" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్క అన్నానికి రెండుసార్లు పిలిచింది.