మందు సరే, మేతేదీ?

గొల్ల కురుమల మందల దగ్గర పనిచేసేవాళ్లకు జీవాల వేళే ఆఫీసు వేళ. తెల్లారకముందే దొడ్డి చేరాలి. పొద్దెక్కితే మంద మేతకు కదిలిపోతుంది, మళ్లీ చీకటి పడ్డాకే దొరుకుతుంది. మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ఐసు పెట్టిన టీకా డబ్బా, నట్టల మందు పట్టుకుని మెదక్, సంగారెడ్డి పల్లెల్లో తిరుగుతుంటాం.

పారుడు రోగం టీకా తొందర పని. పొడిని ద్రావణంలో కలిపాక గంటా రెండు గంటల్లోనే వాడెయ్యాలి. అందుకే నాలుగు మందలవాళ్లు ఒకచోట కలిసేలా ముందురోజే మాట్లాడుకుంటాం. చిటుక రోగం టీకా తొలకరికి ముందే పడాలి. లేతగడ్డి ఆబగా మేసిన బలమైన జీవమే ముందు పోతుంది మరి.

కొత్తగా చేరినవాళ్లు "ఎన్ని జీవాలున్నయి?" అని మొదలుపెడతారు. "ఉన్నయి సారూ" అని కాపరి ఊరుకుంటాడు. లెక్క చెబితే దిష్టి తగులుతుందని భయం. "రేపు నీళ్లకు ఎటు తోలుతవే?" అని అడిగితే మాత్రం చెరువులూ కుంటలూ అన్నీ వరసగా చెబుతాడు.

ఆ మాటల్లోనే అసలు బాధ బయటపడుతుంది. మేసే బీడు ప్లాట్లయింది. గుట్ట చుట్టూ మొక్కలు నాటి కంచె వేశారు. పత్తి చేలో దిగితే పురుగుమందు భయం, కోసిన జొన్న చేలో లేచిన పిలకలు మేస్తే నాము విషం. పంట కోశాక రైతులే పిలిచి, ఎరువు కోసం మంద పెట్టించుకుని, ధాన్యమో పైసలో ఇచ్చేవారు. బోర్ల కింద రెండో పంట వచ్చాక ఖాళీ చేను దొరకడమే కష్టమైంది.

2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం రాయితీ మీద ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. బయటి నుంచి తెచ్చినవాటిలో చాలావాటికి ఉన్ని లేదు. గొంగడి నేసేది ఇక్కడి దక్కనీ గొర్రె నల్ల ఉన్నితోనే. "గొర్రెలిచ్చిన్రు, గడ్డెవరిస్తరు?" అని ఒక పెద్దామె అడిగితే మా దగ్గర మాట లేకపోయింది.

సంచార పశుపోషకులు అడవిలో మేపుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. కానీ గిరిజనేతరులు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిని నమ్ముకుని బతుకుతున్నట్టు రుజువు చూపాలి. పట్టా ఎరగని కాపరి ఆ కాగితం ఎక్కణ్నుంచి తేగలడు?

అందుకే టీకాలయ్యాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి, మంద ఏ నెలలో ఏ దారిన పోయేదో, ఎక్కడ నీళ్లు తాగేదో రాయించుకుంటున్నాం. చట్టం పెద్దల వాంగ్మూలాన్నీ సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. విరాళమిచ్చేవాళ్లు ఎన్ని టీకాలు వేశారని అడుగుతారు, ఆ అంకె వెంటనే చెప్పగలం. మేపు దారుల పని అలా లెక్కకు రాదు. అయినా గ్రామసభ ముందు పెట్టడానికి కాపరి చేతిలో ఉండాల్సింది ఆ కాగితాలే.